కుజుడి మీద ఎర్రదుమ్ము

ఒక స్కూలు మొత్తం నా రచన చేతిలో పట్టుకుని ఒక మధ్యాహ్నం వెక్కి వెక్కి ఏడ్చింది. రచయితకి ఇంతకన్నా ఏం కావాలంటారా? కాస్త ఆగండి. ఏడ్చినవాళ్లెవరూ అప్పటికి రెండో పేజీ దాటలేదు.

నేనూ, నా చిన్ననాటి క్లాస్‌మేట్ సువార్తా కలిసి 'కుజుడి మీద పత్తి' అనే కామిక్ పుస్తకాలు సొంతంగా అచ్చేసుకునేవాళ్లం. కథ నాది, బొమ్మలు తనవి. కుజగ్రహం మీద పత్తి వేసిన ఒక మరమనిషి, ఆ చేనుమీద పడే రైలుపెట్టెంత గులాబీ పురుగు, ఇదీ కథ. మొదటి రెండు సంచికలూ మేమిద్దరమే చదువుకున్నాం. రెండోదాన్ని మా అమ్మ పచ్చడి జాడీకి మూతగా వాడింది.

సువార్త మా ఊరి హైస్కూల్లో డ్రాయింగ్ టీచరు. "ఒరేయ్ శీనూ, మూడోది మా స్కూల్లో విడుదల చేద్దాం. దీన్ని కూడా ఎవరూ చదవకపోతే నేనింక బొమ్మలు గీయను" అంది. ఆ గొంతు వింటే భయమేసింది. తను మానేస్తే నా మరమనిషికి మొహం కూడా మిగలదు.

గుంటూరు ప్రెస్సు నుంచి పుస్తకాలు ఆటోలో తెస్తుంటే దారిలో వాన. మా ఊళ్లో చుక్క పడలేదండీ, నా ఆటో మీదే కురిసింది. కట్టలన్నీ తడిసి ముద్దయ్యాయి. విడుదల మర్నాడే. మిరప రైతు కొడుకుని, తడిసిందేదైనా కల్లంలో ఆరబోయడమే నాకు తెలిసిన విద్య. పొద్దున్నే ఎండుకాయలు ఎత్తేసిన పట్టా కనిపిస్తే దానిమీద పుస్తకాలు పరిచాను.

"ఒరేయ్, కాయలెత్తిన పట్టా అది. దులిపెయ్యరా" అంది అమ్మ.

"పుస్తకాలకేం ముక్కుందా అమ్మా, తుమ్మడానికి?"

"చదివేవాళ్లకి ఉంటది కదరా."

దున్నపోతు మీద వాన. పైగా కాయల్ని తిరగేసినట్టు పుస్తకాల్ని అటూ ఇటూ తిరగేశాను. ఆరాక గోతంలో వేసి, మా నాన్న కాయలు తొక్కినట్టు బాగా తొక్కాను కూడా.

హెడ్మాస్టరు గారు పుస్తకం విడుదల చేసి అందరికీ పంచారు. ఆయనకో అలవాటు, నాలుకతో వేలు తడి చేసుకుంటే గానీ పేజీ తిప్పరు. తిప్పారు. ఆగారు. మళ్లీ తడి చేసుకున్నారు. కళ్లజోడు తీసి, అదే వేలితో కళ్లు తుడుచుకున్నారు. ఇక చూస్కోండి.

"చూశావా, సార్ ఏడుస్తున్నారు" అంది సువార్త, సంతోషంతో తన కళ్లూ చెమ్మగిల్లాయి.

"సార్ ఇంకా రెండో పేజీలోనే ఉన్నారు. అక్కడ మరమనిషి టీ తాగుతున్నాడు" అన్నాను.

ఇంతలో హాలంతా తుమ్ములు. సువార్త పుస్తకం వాసన చూసింది.

"ఎక్కడ ఆరబెట్టావ్?"

"కల్లంలో."

"ఏ కాయలు?"

"తేజ."

మా వైపు తేజ అంటే కారానికి తాతమ్మ. సువార్త పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకుంది. తిట్టినా బాగుండేది.

హెడ్మాస్టరు గారు కుళాయి దగ్గర మొహం కడుక్కుని వచ్చారు. "ఏమ్మా సువార్తా, పేజీల నిండా ఈ ఎర్రదుమ్మేంటి?"

ఆయనే, ఒకప్పటి సైన్సు మాస్టారు కదా, పుస్తకం వైపు మళ్లీ చూసి, "ఓహో, కుజుడి మట్టా?" అన్నారు.

"అవును సార్" అంది సువార్త తడుముకోకుండా. ఆదివారాలు చర్చిలో పిల్లలకి బైబిలు కథలు చెప్పే మనిషి. "ప్రార్థనలో ఒప్పుకుంటాలే" అని నాకు మాత్రమే వినబడేలా గొణిగింది.

"ఎంత ఆలోచనమ్మా! ఇన్నేళ్లు పాఠం చెప్పాను, నాకు తట్టలేదే" అన్నారాయన.

అంతే. పిల్లలు ముక్కులకి చేతిరుమాళ్లు కట్టుకుని చివరి పేజీదాకా చదివారు. మరమనిషి పత్తిచేలో కూలిపోయినచోట ఏడ్చింది కారానికో కథకో ఇప్పటికీ తెలియదు. "టీచర్, వాడు మళ్లీ లేస్తాడా? నాలుగోది ఎప్పుడు?" అని మాత్రం సువార్తని చుట్టుముట్టారు. నా గుండెమీంచి మిరపబస్తా దించినట్టయింది. నవ్విన నాపచేనే పండుతుందంటారు, మాకు మాత్రం ఏడ్చిన చేను పండింది.

"నాలుగోది గీస్తాను" అంది సువార్త బయటికొచ్చాక. "కానీ ఒరేయ్, సార్ ఆ మట్టి అందులో కూడా ఉండాలంటున్నారు."

కాబట్టి పాఠక మహాశయులారా, మా కల్లం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. బొందిలో ప్రాణముండగా తేజ ఎత్తిన పట్టా మీద పుస్తకం ఆరబెట్టను. ఇకనుంచి బ్యాడిగి కాయల పట్టా మీదే. రంగుంటుంది, కారముండదు.