అందరి బాత్రూం, నా మంట

పరువు చాలామందికి పోతుంది. నాది పోయినట్టు పోయినవాళ్లు మాత్రం గుంటూరు జిల్లాలో ఇంకెవరూ ఉండరు. మిట్టమధ్యాహ్నం, మూసిన తలుపు వెనక, ప్యాంటు జారి ఉండగా పోయింది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, డిగ్రీ పాసై మామయ్య మిర్చి కొట్లో గుమాస్తాగా చేరాను. మగాళ్లం గోడచాటున పని కానిచ్చేవాళ్లం. కొట్టు చూసుకునే అత్తయ్యా, కాయలు ఏరే ఆడవాళ్లూ పాపం, సాయంత్రం దాకా మంచినీళ్లు తాగకుండా ఉగ్గబట్టుకునేవాళ్లు. అత్తయ్య పోరు పడలేక మామయ్య కొట్టు వెనక ఒక్క బాత్రూం గది కట్టించాడు. అది ఆడవాళ్లకా, మగాళ్లకా అని పంచాయితీ మొదలైంది. నేను నోరు మూసుకోవచ్చుగా! డిగ్రీ ఊరుకోనిస్తేనా?

"అందరికీ ఒకటే మామయ్యా! ఇంట్లో ఆడ బాత్రూం, మగ బాత్రూం అని రెండున్నాయా?"

"ఇంట్లో ఉండేది మనవాళ్లురా! ఇక్కడికి దారినపోయే ప్రతివాడూ వస్తాడు. మాకు భద్రత ఏదీ?" అంది అత్తయ్య.

"లోపల గడియ ఉందిగా అత్తయ్యా! అది పడిందంటే యముడైనా బయట నిలబడాల్సిందే. కావాలంటే నేను లోపలికెళ్తా, తలుపు తీయండి చూద్దాం. తీయలేకపోతే నా మాటే ఖాయం!"

మామయ్య సరేనన్నాడు. నేను వెళ్లి గడియ బిగించాను. హమాలీలు గుద్దారు, తోశారు. తలుపు కదిలితే ఒట్టు! ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను బాత్రూంలో గెలిచి రచ్చకెక్కాను. ఎలాగంటారా? ఎటూ వచ్చాను కదా, ఆ పనీ కానిచ్చేద్దాం అనుకున్నాను. పొద్దున్నుంచీ మిరపకాయలు విరిచి ఘాటు చూసిన చేతులవి. లోకమంతా తర్వాత కడుక్కుంటుంది, మిర్చి కొట్లో ముందు కడుక్కోవాలి. ఈ సంగతి మా పేటలో పసిపిల్లలకీ తెలుసు.

నా కేక అమరావతి దాకా వినపడి ఉంటుంది.

"ఏరా, పామా?" మామయ్య అరిచాడు.

"కాదు, మంట!"

"ఎక్కడరా?"

అంతమంది ఆడవాళ్ల ముందు ఏం చెప్పను? "అక్కడే మామయ్యా!"

కొట్టు కొట్టంతా ఒక్కసారి గొల్లుమంది. తొట్టిలో నీళ్లు పోసుకున్నాను. మంట తగ్గకపోగా కొత్త చోట్లకి పాకింది.

"తలుపు పగలగొట్టండ్రా!" అన్నాడు మామయ్య.

"అమ్మో, వద్దు!" యముడికీ తీయనన్న తలుపుని రెండు చేతులా అదిమి పట్టుకున్నాను.

"నీళ్లకి తగ్గదురా, మజ్జిగ పోసుకో!" అంది అత్తయ్య. తలుపు పైసందులోంచి గాజుల చెయ్యొకటి మజ్జిగ చెంబుతో దిగింది. పోసుకున్నాక ప్రాణం లేచొచ్చింది.

"తగ్గిందా?"

"తగ్గిందత్తయ్యా."

"అయితే ఒక్క మాట చెప్పు. చెంబూ చెయ్యీ పట్టిన సందులో ఒకడి తలకాయ పట్టదా? నేను స్టూలెక్కి నిలబడ్డాను. కళ్లు మూసుకున్నాను కాబట్టి బతికిపోయావు!"

గబగబా ప్యాంటు పైకి లాక్కుని పైసందు వంక చూశాను. మూసిన తలుపు వెనక కూడా మనిషికి అంత భయం వేస్తుందని నాకు అప్పుడే తెలిసింది.

మామయ్య ఆడవాళ్లకి వేరే గది కట్టించాడు, చీమ దూరే సందు కూడా లేకుండా. పాతది మగాళ్లకిచ్చాడు. దాని పైసందు కూడా మూయించమని నేనంటే, "మూస్తే వీడికి మజ్జిగ ఎట్టా అందిస్తాం?" అన్నాడు.

ఆడవాళ్ల భయం గురించి ఆడవాళ్లని అడక్కుండా ఈ జన్మలో తీర్పు చెప్పనని ఆ రోజే ప్రమాణం చేశాను. ఎండుమిరపకాయ మీదే చేశాను, రుమాల్లో చుట్టి పట్టుకుని.