వెనక కూర్చున్నవాళ్ళ మాట

ఉషారాణికి గంగాధర్ అంటే పడదు. గంగాధర్‌కు ఉషారాణి అంటే అసలే పడదు. ఇద్దరూ పుంగనూరులో ఒకే పాల కంపెనీలో పనిచేస్తారు, ఒకే చిల్లింగ్ సెంటర్ ముందు బండ్లు నిలుపుతారు, ఒకే అంగట్లో టీ తాగుతారు. అయినా ఒకరి మొహం ఒకరు తిన్నగా చూసి ఏళ్ళు గడిచాయి. రెండు చేతులూ కలిస్తేనే చప్పుడని, తప్పు ఇద్దరిలోనూ ఉందని చెప్పే పెద్దమనుషులు ఊళ్ళో ఉన్నారు. వాళ్ళ మాట నమ్మకండి. చెంప మీద కొట్టినా చప్పుడొస్తుంది, దానికి ఒక్క చెయ్యి చాలు.

పుంగనూరు అవతల ఒకే మెట్ట ఊరు ఇద్దరిదీ. ఉష నాయన చెంగయ్య, అమ్మ అక్కమ్మ గంగాధర్ వాళ్ళ చేలల్లోనే కూలికి పోయి కూతుర్ని ఇంటర్ దాకా చదివించారు. ఆమెకు ఉద్యోగం వచ్చిన కొత్తలో, పాలు పరీక్ష చేయమని కంపెనీ ఆ ఊరికే పంపింది. గంగాధర్ అప్పటికే కంపెనీలో పాతకాపు. ఆమె క్యాను మూత తీయబోతే చెయ్యి అడ్డం పెట్టి, "నువ్వు ముట్టొద్దు మే. మా ఇంటి పాలు నేను తీసిస్తా" అన్నాడు, రైతులందరి ముందూ. ఉష చేతులు కట్టుకొని నిలబడింది. ఆయన తీసి పోసిన పాలనే పరీక్ష చేసింది. నీళ్ళు కలిసినట్టు తేలింది. ఆ మాట కూడా రైతులందరి ముందే, గట్టిగా చెప్పింది. ఇంకేం కావాలి? ఆ రోజు రాజుకున్న మంట ఇంతవరకూ ఆరలేదు.

తర్వాత చెంగయ్య చనిపోయాడు. ఉష సంపాదిస్తున్నా అక్కమ్మ మాత్రం శనక్కాయలు పీకే కాలం వస్తే గంగాధర్ వాళ్ళ చేనికే పోయేది. "ఎందుకమ్మా, నేను లేనా?" అని కూతురు తిడితే, "పిలిస్తే పోకుంటే ఏమనుకుంటారు మే" అనేది. అది భయమో, అలవాటో ఆమెకే తెలియదు.

ఊళ్ళన్నీ తిరిగే ఉద్యోగం కదా, ఉష గేర్ల బండి కొనుక్కుంది. నవ్వినవాళ్ళు నవ్వారు. "కూలోళ్ళ పిల్ల బుల్లెట్టెక్కింది సూడప్పా, కలికాలం" అన్నాడు గంగాధర్. అది బుల్లెట్టు కాదు, పాపం, పాలవాళ్ళూ పేపరువాళ్ళూ తోలే మామూలు బండి. కడుపుమంటకు కళ్ళు కనబడవు.

ఈ ఏడాది కుప్పం వైపు సూపర్‌వైజర్ పోస్టు ఖాళీ అయింది. రామకుప్పం దగ్గర అడవి అంచు ఊళ్ళు అవి. రాగి చేలు పండితే ఏనుగులు దిగుతాయి, మలుపు తిరిగేసరికి రోడ్డు మీద ఏది నిలబడి ఉంటుందో చెప్పలేం. ఆ దారుల్లో మునుపే ఇద్దరు పనివాళ్ళు పడి కాళ్ళు విరగ్గొట్టుకున్నారు. అందుకని మేనేజరు రాజేశ్వరి ఒక షరతు పెట్టింది. మదనపల్లెలో బండి తోలడంలో పైస్థాయి శిక్షణ తరగతి జరుగుతోంది, అందులో గట్టెక్కినవాళ్ళకే పోస్టు. ఇద్దరు గట్టెక్కితే సీనియర్‌కు. పోటీలో ఉన్నది ఇద్దరే. సీనియర్ గంగాధర్.

"నన్ను సూపర్‌వైజర్ని కానీండి. ఆమెను పొద్దుపొద్దున్నే నా ముందర నిలబెట్టి దండం పెట్టిచ్చుకోకుంటే అడగండి" అని టీ అంగట్లో అందరూ వినేటట్టు అన్నాడు. ఉష విన్నది. గ్లాసు కింద పెట్టి లేచిపోయింది. ఆయన చేతి కింద పనిచేయడం కంటే ఉద్యోగం మానేసి ఏ ఇటుకల బట్టీకో పోవడం మేలనిపించింది.

మదనపల్లె బయట ఒక ఖాళీ లేఅవుట్లో తరగతి. నేర్పేది పలమనేరు మునిరత్నం. మిలిటరీలో మంచుకొండల మీద మోటారుసైకిల్ మీద తపాలా మోసి వచ్చిన మనిషి. మీసాలు తెల్లబడ్డాయి గానీ కోపం పిసరంత కూడా తగ్గలేదు. మండీ నుంచి తెచ్చిన టమోటా బాక్సులు వరసగా పేర్చి, వాటి మధ్య ఎనిమిది అంకె ఆకారంలో కాలు కింద పెట్టకుండా తిరగమన్నాడు. గంగాధర్ మూడు బాక్సులు తొక్కేసి, "బండి హ్యాండిలే వంకర సార్" అన్నాడు. ఆడలేక మద్దెల ఓడు! ఉష సంగతీ గొప్పగా ఏమీ లేదు. రెండో చుట్టులో దబ్బున పడింది. అందరూ నవ్వారు, గంగాధర్ ఈల కూడా వేశాడు.

"యాల పడినావో తెలిసిందా?" మునిరత్నం చెయ్యి కూడా ఇవ్వలేదు. "చక్రం తట్టు చూస్తాండావు. నువ్వు యాడ చూస్తే బండి ఆడికే పోతాది. పోవాల్సిన దారి తట్టు సూడు. లెయ్."

మోచెయ్యి గీరుకుపోయి మండుతోంది. ఆ మంటలోనే లేచి మళ్ళీ తిరిగింది, ఈసారి బాక్సు కదలలేదు. ఈల వేసినవాడి వైపు ఆమె చూడలేదు గానీ, చూడాలని మాత్రం చాలా అనిపించింది.

సాయంత్రం మునిరత్నం అందర్నీ నేల మీద కూర్చోబెట్టి అడిగాడు, "దిగుడులో తాళం ఆపేసి, న్యూట్రల్లో పొయ్యేవోళ్ళు ఎవురు?"

అందరూ చేతులెత్తారు, అదీ గర్వంగా. ఉష కూడా ఎత్తింది. మన మెట్ట ఊళ్ళల్లో బండి ఉన్న ప్రతి ఇంట్లో నాయన కొడుక్కు నేర్పే మొదటి విద్య అదే. మిట్ట ఎక్కేదాకా పెట్రోలు, దిగేటప్పుడు దేవుడు. ముందు బ్రేకు పట్టుకుంటే బోర్లా పడతావనేది రెండో విద్య. ఈ రెంటితోనే ముసలివాళ్ళయినవాళ్ళు ఉన్నారు, కానివాళ్ళను గురించి ఎవరూ మాట్లాడరు.

మునిరత్నం మొహం కందగడ్డ అయింది. "గేర్లో ఉంటే ఇంజనే బండిని పట్టుకుంటాది. ఆపేస్తే బరువంతా బ్రేకు మీద. అది కాలిపోయి చేతులెత్తేస్తే మీ నాయనొచ్చి పట్టుకుంటాడా? రేపు ఘాట్లో తాళం ఆపినోడు ఎవుడైనా సరే, ఆడికాడనే ఇంటికి పోవచ్చు."

మార్కుల సంగతి కూడా అప్పుడే చెప్పాడు. ఒక్కో బండికి ఇద్దరు. పైనుంచి సగం దారి ఒకరు తోలాలి, మిగతా సగం రెండోవాళ్ళు. తను కింద కూర్చుంటాడు. వెనక కూర్చున్నవాళ్ళు ఏం చెబితే అదే మార్కు.

"ముందర కూసున్నోనికి తన తప్పు తెల్దు. వెనక కూసున్నోళ్ళ పానానికి తెలుస్తాది. స్నేహితుల్ని జత చేస్తే మార్కులు పంచుకుంటారు. అందుకే సరిపడనోళ్ళనే జత చేస్తాండా" అని ఉష వైపు, గంగాధర్ వైపు వేలు చూపించాడు. పొద్దుటి నుంచి వాళ్ళ చూపులు చూస్తూనే ఉన్నాడు మరి.

మరుసటి రోజు హార్సిలీ హిల్స్ ఘాటు. మొదటి సగం గంగాధర్ తోలాలి. "తగలకుండా కూసో" అన్నాడు. తగలాలని ఆమెకు మాత్రం ఉందా? వెనక కమ్మీ పట్టుకొని ఎడంగా కూర్చుంది. ముందు పోయిన జత మలుపు దాటి కనబడకుండా పోయింది. వెనకవాళ్ళు ఇంకా బయలుదేరలేదు. రెండో మలుపు తిరిగారో లేదో ఇంజను చప్పుడు ఆగిపోయింది. గాలి చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

"అన్నా, తాళం ఆపినావు."

"నోరు మూసుకోని కూసో మే. ఇట్లాంటి దిగుళ్ళు మా నాయన కండ్లు మూసుకోని దిగేవోడు."

నిన్న సాయంత్రం విన్న తిట్లన్నీ ఆయన చెవుల పక్కనుంచే పోయాయి. బండి జోరందుకుంది. వెనక బ్రేకు కీచుమంది, కాసేపటికి కాలుతున్న వాసన వచ్చింది. అప్పుడే ఎదురుగా మలుపు నిండా బస్సు! గంగాధర్ బ్రేకు తొక్కాడు. కాలు కిందికి పోయింది, బండి ఆగలేదు. చెయ్యి మాత్రం ముందు బ్రేకు మీదికి పోనే లేదు. మనిషి కొయ్యబారిపోయాడు.

ఉష ఆయన చెవి దగ్గరే అరిచింది. "తాళం ఎయ్! గేరెయ్! క్లచ్చి ఇడిసిపెట్టు! ముందు బ్రేకు పట్టు!"

ఏ దేవుడు కరుణించాడో ఆ మాటలు విన్నాడు. ఇంజను గుర్రుమంది. బండి ఒక్క కుదుపు కుదిపి, టైరు రోడ్డును గీరుకుంటూ పోయి, బస్సుకూ పిట్టగోడకూ నడుమ ఆగింది. బస్సు డ్రైవరు వాళ్ళ వంశం మొత్తాన్ని పేరుపేరునా తిట్టి పోయాడు.

ఇద్దరూ దిగారు. ఉషకు భయం కంటే కోపం ఎక్కువగా ఉంది. ఈ మనిషి పొగరుకు తను చచ్చిపోయి ఉండేది, రాత్రికి అక్కమ్మ గుండెలు బాదుకుంటూ ఉండేది.

గంగాధర్ నుదుటి చెమట తుడుచుకున్నాడు. అటూ ఇటూ చూశాడు. ఎవరూ లేరు.

"ఉషమ్మా" అన్నాడు. ఆ పిలుపు ఆయన నోట ఆమె వినడం అదే మొదలు. "కింద నిన్ను బాగా తోలిందని చెప్తా. నన్ను గూడా బాగా తోలినాడని చెప్పు. ఇద్దురమూ గట్టెక్కుతాము. నా మాట మీద నమ్మకం పెట్టు."

ఎంత ధర్మంగా ఉంది చూడండి బేరం! ఇద్దరూ గట్టెక్కితే పోస్టు ఎవరిదో ఉషకు తెలియదా? పొద్దుపొద్దున్నే ఎవరు ఎవరికి దండం పెట్టాలో తెలియదా? కాదంటే మాత్రం కింద ఆయన ఏం చెబుతాడో అదీ తెలుసు. ఆమె సరే అనలేదు. కాదు అనీ అనలేదు. సగం దారి అయింది, ఇక తన వంతు. బండెక్కి స్టార్ట్ చేసి, "ఎక్కన్నా" అంది.

సెకండు గేరులో, రెండు బ్రేకులూ వాడుకుంటూ, పోవాల్సిన దారి వైపు చూస్తూ దిగింది. పాపం, బ్రేకులు వేడి మీద ఉన్నాయని మధ్యలో ఒకచోట ఆపి చల్లారనిచ్చింది కూడా. ఒక ఇరుకు మలుపులో గంగాధర్ చెయ్యి వచ్చి ఆమె భుజాన్ని గట్టిగా పట్టుకుంది. పాల క్యాను ముట్టనివ్వని చెయ్యి. విదిలించాలనిపించింది. విదిలిస్తే ఇద్దరూ పడతారు. పళ్ళు బిగించుకొని ఊరుకుంది.

కింద రోడ్డు పక్కన మునిరత్నం కూర్చొని ఉన్నాడు. ముందు వచ్చినవాళ్ళు చుట్టూ నిలబడి ఉన్నారు. "ఎట్ల తోలింది?" అని గంగాధర్‌ను అడిగాడు.

"బాగా తోలింది సార్. వంక పెట్టే పని లేదు." చెప్పి ఉష వైపు చూశాడు, ఇక నీ వంతు అన్నట్టు.

"నువ్వు చెప్పమ్మా. ఈయప్ప ఎట్ల తోలినాడు?"

ఉష చుట్టూ ఉన్నవాళ్ళు అందరూ మగవాళ్ళు, అందరూ దిగుడులో తాళం ఆపేవాళ్ళే.

"రెండో మలుపుకాడ తాళం ఆపినాడు సార్. బ్రేకు పట్టలా. బస్సు కిందికి పోవాల్సింది."

"మాట తప్పినావు గదే!" గంగాధర్ మీదికి వచ్చాడు. "నేను నీ గురించి మంచిగా చెప్తే, నువ్వు నా గురించి చెప్పేస్తావా? ఆడ ఒప్పుకోని ఈడ మాట మారుస్తావా?"

ఎవరూ అడగకుండానే మొత్తం కక్కేశాడు మహానుభావుడు.

"మాట ఇచ్చింది నువ్వన్నా. నేను ఇయ్యలా" అంది ఉష. "నువ్వు చెప్పింది నిజం. నన్ను చెప్పమన్నది అబద్ధం."

మునిరత్నం గంగాధర్‌కు రోడ్డు చూపించాడు. "పో అప్పా." తర్వాత ఉష వైపు తిరిగాడు. "నువ్వు ఆడనే యాల ఫోన్ చెయ్యలేదు నాకి?"

"చేసింటే ఆయన నన్ను బాగా తోలిందని చెప్పేవోడు కాదు సార్."

మునిరత్నం ఆమెను ఎగాదిగా చూశాడు. మెచ్చుకోలు లేదు ఆ చూపులో. "గట్టెక్కినావు. పో" అన్నాడు.

శభాష్ అన్నవాళ్ళు లేరు. "ఇట్లాంటిదాన్ని బండెక్కించుకుంటే అంతే" అని బైరెడ్డిపల్లె వైపు నుంచి వచ్చినాయన ఒకడు గొణిగాడు. టీ తాగుదామని ఎవరూ పిలవలేదు. ఉష ఒక్కతే కింద నిలిపి ఉంచిన తన బండి తీసుకొని పుంగనూరు దారి పట్టింది. గెలిచానన్న సంతోషం రావడం లేదు, కోపం పోవడం లేదు.

ఇల్లు చేరేసరికి ఆమెకంటే ముందే కబురు ఊరికి చేరింది. అక్కమ్మ గడపలో కూర్చొని కాళ్ళకంటిన ఎర్రమన్ను కడుక్కుంటోంది. శనక్కాయలు పీకే కాలం, అయినా ఇంకా పొద్దు ఉండగానే ఇంట్లో ఉంది.

"చేనికి రావొద్దన్నారా మా?"

"అనేదానికే వస్తా ఉండె ఆ గంగాధరప్ప వాళ్ళమ్మ, చేని గట్టు మీద ఊగుకుంటా." అక్కమ్మ చెంబులో మిగిలిన నీళ్ళు వాకిట్లోకి విసిరి కొట్టింది. "ఆమె నోరు తెరిసేలోపలే నేను రానని చెప్పి వచ్చేసినా. ఇంగ లోపలికి రా, సంగటి చల్లారిపోతాంది."