గంజి కుండలో ఎర్ర పోగులు

అది శనివారం. పొద్దున ఏడు గంటల మిల్లు కూత అప్పుడే ఆగింది. నా చిన్నప్పుడు చిక్కపేట వెనక సందుల్లో ఆ కూతే అందరికీ గడియారం. కూత విని నేను గూడు తలుపు తీస్తే కోళ్ళన్నీ బయటికి వచ్చాయి. మా ముసలి పెట్ట మాత్రం రాలేదు. మూలన ఈకలు ఉబ్బించుకుని, కళ్ళు మూసుకుని కూర్చుంది. మెడ కింద మేత సంచి వంకాయంత ఉబ్బి, ముట్టుకుంటే రాయిలా తగిలింది. నోరు తెరిస్తే పులిసిన కంపు.

ఆ పెట్ట గుడ్లు పెట్టడం మానేసి చాలా కాలమైంది. అయినా దాన్ని ఎవరూ కోయలేదు, అది మా అవ్వ పెంచిన కోడి కాబట్టి. అవ్వంటే మా నాయన తల్లి. మా ఇంట్లో గుంట మగ్గం ఉండేది, నూలు చీరలు నేసేవాళ్ళం. నన్ను బడికి పంపలేదు, కండెలకు నూలు చుట్టడం నా పని. అక్షరాలు చాలా ఏళ్ళ తర్వాత మనవరాలి పక్కన కూర్చుని నేర్చుకున్నాను. నేను కండెలు చుడుతుంటే ఆ పెట్ట వచ్చి నా కాళ్ళ దగ్గర పడుకునేది. ఆ ఇంట్లో పని చెప్పకుండా నా దగ్గరికి వచ్చేది అదొక్కటే.

మా నాయన వచ్చి చూశాడు. "శనివారమైపాయె. లేకుంటే ఈ పొద్దే పొయ్యెక్కిద్దుము. రేపటి దాకా ఉంటాదో లేదో," అన్నాడు. శనివారం మా ఇంట్లో ముక్క ముట్టరు. బతికితే ఆ ఒక్క రోజులో బతకాలి, లేకపోతే ఆదివారం కూరైపోతుంది.

"సుమ్నే ఊరకుండప్పా. నా కోడి సంగతి నేను చూసుకుంటా," అంది అవ్వ.

ముందు ఆముదం పోసి మెడ నిమిరింది. గడ్డ కదల్లేదు. అప్పుడు నాయన గడ్డం గీసుకునే బ్లేడు తెమ్మంది. అవ్వ పుట్టింటివాళ్ళ ఊళ్ళో అట్లా మేత సంచి కోసి, అడ్డుపడింది తీసి, మళ్ళీ కుట్టేవారట. కొన్ని కోళ్ళు బతికేవట.

పెరట్లో పీట వేసుకుని కూర్చుంది. అమ్మ కోడి కాళ్ళూ రెక్కలూ పట్టుకుంది. పక్కింటి అక్క పసుపు కలిపిన వేడినీళ్ళు తెచ్చింది. నాయన గడప దాటకుండా నిలబడ్డాడు. అవ్వ నన్ను పిలిచి, "పాపా, నా పక్కన కూసో. ఎండ కంట్లో కొడతాంది, సరిగా కానరాదు. నువ్వు చూసి చెప్పు," అంది.

ఆ రోజు ఎండ లేదు. పొద్దున్నుంచీ మబ్బే. అమ్మ అక్కను చూసింది, అక్క నేల చూసింది.

అవ్వ వేళ్ళతో తడుముకుంటూ ఈకలు పీకింది, కోసింది. కోడి అరవలేదు, దానికి అరిచే ఓపిక లేదు. అవ్వ వేలు లోపలికి పెట్టి లాగితే తడి ఉండ ఒకటి బయటికి వచ్చింది. లాగే కొద్దీ వస్తూనే ఉంది.

"ఏమది?" అని అడిగింది.

"గడ్డి, అత్తా. ఎక్కడో గడ్డి మేసుండాది," అంది అమ్మ.

నేను చూశాను. "గడ్డి కాదవ్వా. ఎర్ర పోగులు," అన్నాను. అమ్మ మోచేత్తో నన్ను పొడిచింది.

మగ్గం ఇల్లు తెలియనివాళ్ళకు ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. పడుగుకు, అంటే మగ్గం మీది నిలువు పోగులకు, గంజి పట్టించాక కుండలో మిగిలిన గంజిని కోళ్ళకు పోస్తారు. అందులో తెగిన నూలు పోగులు ఉంటాయి. గంజి రుచికి కోళ్ళు వాటినీ మింగేస్తాయి, అవి లోపల చుట్టుకుపోతాయి. అందుకే వడగట్టి పోయాలి. మా ఇంట్లో ఆ పని అవ్వది. ఆ వారం పడుగు ఎర్రది. అవ్వ కళ్ళు పోతున్నాయని ఇంట్లో అందరికీ తెలుసు. ఆమె వడగట్టిన గంజిలో పోగులు ఉంటున్నాయని అమ్మకు తెలుసు. తెగిన పోగులు అతకమని నాయన ఆమెకు ఇవ్వడం మానేసి చాలా రోజులైంది. ఎవరూ ఆమెతో ఒక్క మాట అనలేదు. బాధపడుతుందని.

అవ్వ ఆ పోగులను వేళ్ళ మధ్య నలిపి చూసింది. తర్వాత, "సూదిలో పట్టుదారం ఎక్కించు," అంది నాతో. కుట్టడం మొదలుపెట్టింది.

అక్క నవ్వించబోయింది. "ఏమవ్వా, కోడికి అంచు వేస్తాండావా? రేపు పెండ్లికి తోలుకపోతావా ఏమి?"

"నీ నోటికీ రెండు కుట్లు వేస్తా. నీళ్ళు పొయ్యి."

కోడిని గంప కింద పెట్టాం, మిగతావి పొడవకుండా. ఒకసారి కళ్ళు తెరిచి నీళ్ళు తాగింది. నేను బతికిందనే అనుకున్నాను. అవ్వ గంప మీద చెయ్యి పెట్టుకుని అక్కడే కూర్చుంది, అన్నం తినలేదు. మధ్యాహ్నం దాటాక అడిగింది, "ఎట్లుండాది?"

"కునుకుతాండాదవ్వా," అంది అక్క.

"రేపటికి లేస్తుందిలే అత్తా," అంది అమ్మ.

నేను వంగి గంప సందులోంచి చూశాను. "చచ్చిపోయిందవ్వా. కంటి మీద చీమ నడస్తాంది."

"నోరు మూసుకోలేవా," అన్నాడు నాయన గడప దగ్గర నుంచి.

అవ్వ ఏడవలేదు. "ఆ. అట్ల చెప్పు," అంది. గంప మీంచి చెయ్యి తీసి, "ఇంక గంజి నువ్వు వడగట్టు. పోసేది నేను పోస్తా," అంది.

ఆ తర్వాత అవ్వ నూలు ముట్టలేదు. కోళ్ళకు గంజి పోసి, మిగతా పొద్దంతా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. ముసలామె పని నా నోటివల్ల పోయిందని అమ్మ చాలా రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. నిజం చెబితే మంచే జరుగుతుందని నేను అనను. కోడీ బతకలేదు. కానీ గంజిలో పోగులున్నాయని ముందే ఒక్కరు చెప్పి ఉంటే, అది ఇంకొన్నాళ్ళు నా కాళ్ళ దగ్గర పడుకునేది.

ఇప్పుడు చందాపురలో మా చిన్న కొడుకు దగ్గర ఉంటున్నాను. నా కుడి కంట్లో పొర కమ్మింది. వాడు "ఏమీ లేదమ్మా, వయసు కదా" అంటాడు. నేను మనవరాలిని పిలిచి, దగ్గరికి వచ్చి చూసి చెప్పమంటాను. "మొన్నటికన్నా తెల్లగా అయింది, అవ్వా," అంటుంది అది. "ఆ. అట్ల చెప్పు," అంటాను. అది నా మాట కాదని దానికి తెలియదు.

ఆ మాట నేను మొదట విన్న శనివారం మా పెరట్లో ఉన్నది మేమే. గడప దగ్గర మా నాయన. కోడి కాళ్ళు పట్టుకున్న మా అమ్మ. నీళ్ళు పోసిన పక్కింటి అక్క. పీట మీద మా అవ్వ, ఆమె పక్కన నేను. గంప కింద కోడి.