నేను పెట్టిన పేరు

హుకుంపేట దగ్గర ఆశ్రమ పాఠశాలలో ఆమెకు లెక్కలు నేర్పింది నేనే. ఇద్దరిదీ ఒకే ఊరు, ఒకే తరగతి, హాస్టల్లో ఒకే ట్రంకు పెట్టె. పదో తరగతి నేను పాసయ్యాను, ఆమె తప్పింది. నేను విశాఖపట్నంలో కంప్యూటర్ కోర్సు చేసి వచ్చి అరకులో ఇంటర్నెట్ సెంటర్ పెట్టేనాటికి, ఆమె సంతలో గోనెపట్టా పరిచి కాఫీ పొడి అమ్ముతోంది. పొట్లం మీద ఏం రాయాలని అడిగితే, మా ఊరి పైనున్న ఊట పేరు చెప్పాను. మొదటి పొట్లాల మీద స్కెచ్ పెన్నుతో రాసిందీ నేనే.

ఐదారేళ్లలో ఆ పేరు ఎక్కడికో వెళ్లింది. ఆమె గింజలు వేయించే మిషను కొంది, పేరుకు ట్రేడ్‌మార్కు తీసుకుంది, స్కూటీ మీద తిరిగేది. టూరిస్టులు నా సెంటర్‌కి వచ్చి ఆ పొడి ఎక్కడ దొరుకుతుందని నన్నే అడిగేవారు. స్కూటీ చప్పుడు వినబడితే తల వంచుకుని, శుభ్రంగా ఉన్న కీబోర్డునే మళ్లీ తుడిచేదాన్ని.

ఒక మధ్యాహ్నం ఆ పేరు వెనక డాట్ కామ్ చేర్చి చూశాను. ఆ వెబ్ చిరునామా ఎవరూ తీసుకోలేదు. వెంటనే నా పేరున కొనేశాను. అందులో పెట్టడానికి నా దగ్గర సరుకంటూ ఏమీ లేదు. ఆమెకు దక్కకూడదు, అంతే. కొన్నాళ్లకు ఆమె వెబ్‌సైటు పెట్టించుకోబోతే సంగతి బయటపడింది. ఇచ్చెయ్యమని కబురంపింది. కొన్న ధరకు యాభై రెట్లు అడుగుతూ మెయిల్ రాశాను.

ఆమె గొడవకు రాలేదు. విశాఖలో లాయరును పెట్టుకుని ఫిర్యాదు వేయించింది. కోర్టుకు వెళ్లే పని లేదట, ఒక మధ్యవర్తి కాగితాలు చూసి తేలుస్తాడట. ఆ పేరు పెట్టింది నేనేనని నాలుగు పేజీల జవాబు పంపాను.

తీర్పు నా సెంటర్లోనే చదువుకున్నాను. ఆ చిరునామా ఆమె ట్రేడ్‌మార్కును పోలి ఉందా, దాని మీద నాకు న్యాయమైన హక్కేదైనా ఉందా, చెడ్డ ఉద్దేశంతో కొన్నానా అని మూడు సంగతులు చూశాడాయన. పేరు తోచినంత మాత్రాన హక్కు రాదు, ఆ పేరుతో వ్యాపారం చేసి జనంలో నిలబెట్టింది ఆమె అన్నాడు. నా ఉద్దేశానికి నా మెయిలే సాక్ష్యమైంది. చిరునామా ఆమెకు బదిలీ చేయమన్నాడు.

ఆ వారమే ఆమె సెంటర్‌కి వచ్చి నా ఎదుట కూర్చుంది.

“ఆ పేరు నువ్వే పెట్టినావని అందరికీ సెప్తాను నేను. మరెందుకలా సేసినావే?”

“నువ్వు పదో తరగతి తప్పినావు,” అన్నాను. అంతకన్నా నిజమైన జవాబు నా దగ్గర లేదు.

“అయితే ఏటి?” అని లేచి వెళ్లిపోయింది.

తర్వాత సెంటర్ మూసేశాను. ఇప్పుడు ఒక బడిలో కంప్యూటర్ పాఠాలు చెబుతున్నాను. మాటలు ఎప్పుడో కలిశాయి, సంతలో ఎదురైతే ఆమే టీ తాగిస్తుంది. అయినా విశాఖలో ఏ దుకాణంలోనైనా ఆమె పొట్లాలు వరసగా కనబడితే, ఎవరూ చూడకుండా ముందున్న దాన్ని పేరు వెనక్కి పోయేలా తిప్పి పెట్టి వస్తాను.