ఓడ టైం చెప్పిన మనిషి

దయ్యాలు, గాలి, ధూళి అని ఇంట్ల ఎవరన్నా మొదలుపెడితే నేను అక్కడినుంచి లేచి పోయేదాన్ని. నలభై ఏండ్లు ఇస్త్రీ పెట్టె పట్టిన చెయ్యి నాది. చచ్చిపోయినోళ్ళ బట్టలు కూడా ఉతికిన, మడత పెట్టిన. ఏ బట్టలోంచీ ఎవరూ లేచి రాలేదు. చదివింది మూడో తరగతే అయినా, కండ్లతో చూడనిది నమ్మే అలవాటు నాకు లేదు. ఇది కూడా నేను కండ్లతో చూసింది కాదు. కానీ చేతిలకు వచ్చింది. అందుకే రాస్తున్న.

మాది నల్లగొండ దిక్కు. చాకలి పని. ఎల్‌బీ నగర్‌ల ఒక కాలనీ మూలమీద మా ఇస్త్రీ బండి ఉండేది. నాకు ఒక్కడే తమ్ముడు, యాదగిరి. అమ్మ తొందరగ పోయింది, వాణ్ణి నేనే పెంచిన. వాడు పెండ్లి చేసుకోలేదు. దిల్‌సుఖ్‌నగర్‌ల ఒక హోటల్ బట్టలు ఉతికే పనిల చేరి, అక్కడినుంచి ఎవరో ఏజెంటును పట్టుకొని ఓడ ఎక్కిండు. సరుకుల ఓడ కాదు, మనుషులు సరదాకు తిరిగే పెద్ద ఓడ. వేల మంది పక్కబట్టలు ఉతకాలె. పొద్దున ఒక ఊళ్ళె ఆగుతది, సాయంత్రానికి బయలెల్లి పోతది.

సెలవుకు వచ్చినప్పుడు బండి పక్కన కూసొని ఓడ ముచ్చట్లు చెప్పేటోడు. ఎక్కువ చెప్పేది దిగి వెనక్కి రానోళ్ళ గురించే.

"ఊరు చూడనీకి దిగుతరక్కా. బజార్ల గడియారం చూసుకుంట తిరుగుతరు. ఓడల టైం వేరే ఉంటది, ఊరి టైం వేరే ఉంటది, గా సంగతి మర్చిపోతరు. ఉరుక్కుంట వచ్చేసరికి నిచ్చెన లేపేస్తరు. పైనుంచి చూసి మావోళ్ళంత నవ్వుతరు. నాకైతే నవ్వు రాదు."

తెలంగాణ ఉద్యమం గట్టిగ నడిచే రోజులవి. ఒక బంద్ నాడు పొద్దున నా ఫోన్ మోగింది. ఓడ తరఫున ఎవరో హిందీల మాట్లాడిండు. యాదగిరికి ఓడల ఉండంగనే గుండె నొప్పి వచ్చిందని, ఫుకెట్ అనే ఊరి దవాఖానల చేర్చినమని, పానం పోయిందని చెప్పిండు. శవం ఇంటికి పంపాలంటే నేను సంతకం పెట్టిన కాయితం ఫ్యాక్స్‌ల పంపాలంట. సాయంత్రం ఓడ పోతది, ఆలోపల పంపాలె అన్నడు. లేకుంటే అక్కడనే మట్టి చేస్తరంట.

బస్సులు లేవు, ఆటోలు లేవు. ఎల్‌బీ నగర్ నుంచి కొత్తపేట మీదుగ దిల్‌సుఖ్‌నగర్ దాక నడుసుకుంట పోయిన. అన్ని షట్టర్లు దించి ఉన్నయి. ఒక జిరాక్స్ దుకాణం షట్టరు సగం లేచి ఉంటే వంగి పిలిచిన.

"బంద్ పెద్దమ్మా, తెరిస్తే రాళ్ళేస్తరు" అన్నడు లోపలినుంచి. షట్టరు పూర్తిగ దించిండు.

రోడ్డు మీద కూసొని ఆ హిందీ మనిషికి నేనే ఫోన్ చేసిన. కాయితం పంపలేను అని చెప్పి ఆగితే అయిపోయేది. నేను ఆగలేదు. శవం తెప్పిస్తే ఖర్చు ఎవరు పెడతరు అని అడిగిన. నన్ను ఎవరూ పైస అడగలేదు. ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. కనుక్కొని చెప్తా అన్నడు. వద్దు, అక్కడనే చెయ్యుండ్రి అన్న.

నేను పొదుపు మనిషిని. అగ్గిపుల్ల ఇరిచి వాడిన రోజులు ఉన్నయి. కానీ ఆ రోజు నుంచి నాకు తెలుసుకోవాల్సింది ఒక్కటే మిగిలింది. వాణ్ణి అక్కడ వదిలిపెట్టింది బంద్ కాదు, అక్కనే అని వానికి తెలుసా?

ఇంట్ల కూడా బంద్ వల్లనే అన్న. ఫుకెట్ పేరు కాలనీల ఎవరికీ చెప్పలేదు. పోయిండన్న సంగతి కూడా చెప్పలేదు. అడిగినోళ్ళకు ఓడ మీద ఉన్నడు అన్న, అంతే.

ఏడాది దాటినంక మా బండి ముంగట మేడ మీద ఉండే సుభద్రమ్మ గారు వచ్చిన్రు. వాళ్ళది గుంటూరు దిక్కు. భర్త బ్యాంకుల చేసి రిటైర్ అయిండు. ఆ రోజులల్ల కాలనీల మాటలు తక్కువైపోయినయి, ఎవరి గుంపు వాళ్ళది. ఆమె మాత్రం బట్టలు నాకే వేసేది.

"రాష్ట్రం వచ్చాక మా చీరలు పట్టుకుంటావా లక్ష్మమ్మా?" అని ఎగతాళి చేసింది. నా పేరు లచ్చమ్మ. ఎన్నిసార్లు చెప్పినా ఆమెకు లక్ష్మమ్మే.

"ముడుత పోవుడు కావాలె గానీ, ఏ రాష్ట్రం చీర అయితే నాకేందమ్మా" అన్న.

సింగపూర్ నుంచి ఓడ ఎక్కి నాలుగు రోజులు తిరిగి వస్తమని చెప్పింది. ఏ ఏ ఊళ్ళు అని అడిగిన. రెండో పేరు ఫుకెట్.

చేతిల పెట్టె చీర మీద కొంచెం ఎక్కువసేపే ఆగింది. అంచు పసుపు పట్టింది. ఆమె చూడలేదు. వాణ్ణి పెట్టిన చోటు వెతికి రమ్మని అడుగుదామని నోటిదాక వచ్చింది. ఆగేది ఆరేడు గంటలు. తెలియని ఊళ్ళె ముసలామెను ఎక్కడికని పంపాలె? అడగలేదు. యాదగిరి చెప్పిన జాగ్రత్తలే చెప్పిన.

దిగేటప్పుడు, మళ్ళ ఎక్కనిచ్చే ఓడ కార్డు జాకెట్ల పెట్టుకో, సంచిల వద్దు. సంచి పోతే కార్డు పోతది. పాస్‌పోర్టు జిరాక్స్ ఒకటి ఉంచుకో. ఓడల పొద్దున ఒక కాయితం ఇస్తరు, ఆ ఊళ్ళె ఓడ తరఫున ఉండే మనిషి ఫోన్ నంబరు దాని మీద ఉంటది, పారెయ్యకు. దూరం ఉన్నది మొదలు చూడు, దగ్గరిది చివరికి చూడు. టాక్సీ ఎక్కకముందే కిరాయి మాట్లాడు. బీపీ గోళీలు ఒక రోజువి ఎక్కువ పట్టుకో. ఓడల పండ్లు బయటికి తేవద్దు, గేటుకాడ ఆపుతరు. గేటు కనపడంగనే ఓడ వచ్చింది అనుకోకు, గేటు నుంచి ఓడ దాక చానా నడవాలె. చెప్పిన టైం కన్న గంట ముందే రా. నీ గడియారం ఓడ టైం మీద పెట్టుకో.

"మా ట్రావెల్స్ అబ్బాయి ఇందులో సగం కూడా చెప్పలేదు" అని నవ్వింది. "నువ్వెప్పుడు ఎక్కావు ఓడ?"

"మా తమ్ముడు పనిచేస్తడు" అన్న. చేస్తడు అనే అన్న.

తిరిగి వచ్చినంక మరునాడే సుభద్రమ్మ గారు బండి కాడికి దిగి వచ్చింది. ముఖం వాడిపోయి ఉండె. చెప్పింది చెప్పినట్టు రాస్తున్న.

ఫుకెట్‌ల భర్త మోకాలు నొస్తుందని ఓడలనే ఉండిపోయిండు. ఆమె పక్క గది వాళ్ళతో దిగింది. బజార్ల ముత్యాలు చూసుకుంట వాళ్ళ నుంచి తప్పిపోయింది. కార్డు జాకెట్లనే ఉంది, అన్నీ ఉన్నయి. గడియారం మాత్రం పొద్దున స్నానం చేసి గదిలనే మర్చిపోయింది. దుకాణం గోడ మీది గడియారం చూసి ఇంకా చానా టైం ఉంది అనుకున్నది. ఆ ఊరి టైం ఓడ టైం కన్న ఒక గంట వెనక.

"వెనక నుంచి ఎవరో, అమ్మా, గా గడియారం చూడకు, ఓడ టైం వేరే, ఉరుకు అన్నాడు. తెలుగు లక్ష్మమ్మా! అచ్చం నీ మాటే."

తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు. ఓడ పనోడే అనుకున్నదంట. వాడే టాక్సీ ఆపి, డ్రైవరుకు ఏదో చెప్పి, ముంగట కూసున్నడంట. గేటు కాడ దిగినంక ఆమెకు చెమటలు కారుతుంటే చిన్న తువ్వాల ఇచ్చిండంట. ఆమె లోపలికి ఉరికింది. ఆమెనే చివరి మనిషి, ఎక్కంగనే నిచ్చెన తీసిన్రంట. తెల్లారి థాంక్స్ చెప్పుదామని భార్యాభర్తలు అడిగితే, ఈ ఓడల తెలుగోడు ఎవడూ లేడని చెప్పిన్రంట.

"తువాలు ఇచ్చేయడం మర్చిపోయాను" అని సంచిలోంచి తీసింది.

మా కులపోళ్ళం ఇంటికొక గుర్తు పెడతం. నల్లజీడి రసంతోని, బట్ట మూలకు. ఎన్ని ఉతుకులకు కూడా పోదు. ఏ ఇంటి బట్ట ఏదో గుర్తు చూసి చెప్తం. మా ఇంటి బట్టలకు మా నాయిన పెట్టిన గుర్తు మూడు చుక్కలు, కింద ఒక అడ్డగీత. యాదగిరి ఓడల కూడా తన బట్టలకు అదే పెట్టుకునేటోడు.

తువ్వాల మూలకు మూడు చుక్కలు, కింద అడ్డగీత.

తువ్వాల తీసుకొని మడత పెట్టిన. ఆమె పోయినంక బండి చాటున కూసున్న.

మా మనుమరాలు డిగ్రీ చదువుతది. దానికి మాత్రం అన్నీ చెప్పిన, రోడ్డు మీద కూసొని నేనన్న మాటతో సహా. అది ఆలోచించి, "నానమ్మా, మనింటి తువ్వాల నువ్వే పొరపాటున ఆమె బట్టలల్ల కలిపినవ్. ఆమె సంచిల పెట్టుకొని పోయింది. గాభరాల ఎవరో ఇచ్చిండు అనుకున్నది" అన్నది.

అట్ల అయి ఉండొచ్చు. నలభై ఏండ్లల్ల ఒక ఇంటి బట్ట ఇంకో ఇంటికి పంపినదాన్ని కాను, కానీ ఫుకెట్ పేరు విన్న నాడు నా చెయ్యి నా సోయిల లేకుండె. అంచు పసుపు పట్టిన చీర దానికి సాక్షి. మరి తెలుగుల మాట్లాడింది ఎవరు?

తర్వాత సుభద్రమ్మ గారిని చానాసార్లు అడిగిన. ముఖం ఎట్ల ఉంది, కోపం మీద ఉన్నడా, ఏమన్న చెప్పమన్నడా అని. నేను ఎందుకు అడుగుతున్ననో ఆమెకు తెల్వదు. ప్రతిసారీ ఒకటే చెప్పింది. ముఖం సరిగ చూడలేదు. ఏమీ చెప్పమనలేదు. టాక్సీ దిగి గేటు దాక పక్కనే నడిచిండు, గేటు కాడ ఆగిపోయిండు.

"నువ్వు రావా బాబూ అన్నాను. ఓడ వైపు చూశాడు. మీరు పోండమ్మా అన్నాడు."

వాడు నన్ను ఒక్క మాట తిట్టి పంపి ఉంటే, ఇన్నేండ్లల్ల ఎప్పుడో ఒకనాడు కడుపునిండ ఏడ్చి ఊకుందును. తిట్టలేదు. అక్క పేరు కూడా ఎత్తలేదు.