ఎస్తేరాంటీ అడిగిన పాల కవర్లు

మణికొండలో మా అపార్ట్‌మెంట్ వెనక ఖాళీ ప్లాటులో ఎవరో పొద్దున్నే చెత్త తగలబెడతారు. పార్సిళ్లకు చుట్టివచ్చిన బుడగల కవర్లు, వారం తిరక్కుండానే విరిగిన బొమ్మలు, తెగిన చెప్పులు కలిసి కాలే ఆ కమురు వాసన బాల్కనీలోకి రాగానే నేను తలుపులేసుకుని, దగ్గుతూనే చిన్నప్పటి చలికాలంలోకి వెళ్లిపోతాను.

నాన్న ఉద్యోగం కోసం కోస్తా నుంచి వచ్చి, అప్పట్లో శేరిలింగంపల్లిలో పెరడున్న ఇంట్లో కిరాయికుండేవాళ్లం. పెరట్లో మూడు రాళ్ల పొయ్యి, దాని మీద మసిబట్టిన నీళ్ల కాగు. మంచుకు తడిసిన పుల్లలు అంటుకోవని అమ్మ వాటి కింద పాల కవర్లూ, పగిలిన మగ్గు ముక్కలూ పెట్టి వెలిగించేది. కవరు ముడుచుకుపోయి చుక్కలు చుక్కలుగా మండుతూ రాలడాన్ని నేను పక్కనే పీట మీద కూర్చుని వేడుకగా చూసేదాన్ని. మధ్యాహ్నానికల్లా గుండెల్లో పిల్లికూతలు మొదలయ్యేవి.

దాంతో అమ్మ జామకాయలు మాన్పించింది, రేగుపళ్లు మాన్పించింది, గడ్డపెరుగు మాన్పించింది. క్రిస్మస్‌కి పక్కింటి ఎస్తేరాంటీ పంపిన కరకరలాడే గులాబిపువ్వుల్ని కూడా నా కళ్లముందే తమ్ముడికి పెట్టేసింది. తప్పు పొగదైతే శిక్ష జామకాయకి పడింది. ఆయాసం ఎక్కువైనకొద్దీ, పిల్లకి చన్నీళ్లు తగలకూడదని, ఇంకో నాలుగు కవర్లు వేసి రెండుపూటలా పొయ్యి వెలిగించేది.

ఎస్తేరాంటీ దవాఖానలో నర్సు. ఒకరోజు డ్యూటీ నుంచి వస్తూ ప్రహరీ దగ్గర ఆగి, పొయ్యినీ, భుజాలెగరేస్తూ ఊపిరి తీస్తున్న నన్నూ కాసేపు చూసింది. అమ్మను పిలిచింది.

"వదినా, ఆ పాల కవర్లు కాలవెట్టకు, జర నాకియ్యి. కరివేపాకు మొక్కలు పెట్టుకుంట. పొయ్యిలకు కొబ్బరిపీచు నేను తెస్త."

దానికేముందండీ తీసుకోండి, అంది అమ్మ. అప్పట్నుంచి కొబ్బరిబోండాల బండి దగ్గర ఏరి ఎండబెట్టిన పీచు సంచులు గోడ మీదుగా మా ఇంటికీ, కడిగిన కవర్లు వాళ్లింటికీ వెళ్లేవి. కవర్లలో మట్టి నింపాలంటూ తెల్లారగానే ఆంటీ నన్ను కూడా పిలిచేది. డాక్టరిచ్చిన మందులూ పనిచేశాయేమో, మామిళ్లు పూతకొచ్చేసరికి పిల్లికూతలు తగ్గాయి. జామకాయ మళ్లీ నా చేతికొచ్చింది.

ఉద్యోగంలో చేరాక ఒకసారి, అన్ని కరివేపాకు మొక్కలు ఏం చేసుకున్నావాంటీ అని నవ్వుతూ అడిగాను. గల్లీ అంతా పంచిందట. అసలు ఆమెకు కావలసింది మొక్కలు కాదని, ఆ పొగ ఆగడమని అప్పుడు తెలిసింది. అమ్మకు అప్పుడే ఎందుకు చెప్పలేదన్నాను.

"చెప్తే తట్టుకుంటదా బిడ్డా? నీ కోసమే గద నీళ్లు కాగవెట్టింది."

ఇప్పుడు ఆ రెండిళ్ల చోట అద్దాల ఆఫీసుంది. ఆంటీ కూడా లేదు. నా ఈ ఊపిరి ఆ ఇద్దరి ప్రేమ. మా పిల్లలు తుమ్మితే చాలు, రెండుపూటలా వేణ్ణీళ్లు పోసి మీ అమ్మ ఆయాసాన్ని నేనే పోగొట్టానని అమ్మ గర్వంగా చెబుతుంది.

"అవునమ్మా, నీ వేణ్ణీళ్లే," అంటాను.