నెల్సన్ మాస్టారి పదకొండు పేర్లు

నెల్సన్ మాస్టారికి హాజరు పిలిచే అలవాటుంది. అలవాటు అనడం మర్యాద కోసమే, ఎరిగినవాళ్ళంతా జబ్బనే అంటారు. నలుగురు ఒకచోట కనబడితే ఆయన నోరు ఊరుకోదు. బస్సెక్కితే పక్కవాళ్ళ పేర్లు అడిగి తెలుసుకుని మరీ పిలుస్తారు. ఇంట్లో పొద్దున్నే కాఫీ గ్లాసుతో పెరట్లోకి వెళ్ళి కొబ్బరిచెట్లకు హాజరు వేస్తారు. "ఆ మూడో చెట్టు ఎప్పుడూ పలకదు" అని భార్య స్నేహలతగారికి ఫిర్యాదు కూడానూ.

ఒకసారి చర్చిలో ఆయన శిష్యుడు జేమ్స్ పెళ్ళి జరుగుతోంది. ప్రమాణం చేయించడానికి పాస్టరుగారు వరుడి పేరు ఇంటిపేరుతో సహా గంభీరంగా చదివారు. ముందు బెంచీలో మాస్టారు కనబడేసరికి జేమ్స్ చటుక్కున చేతులు కట్టుకుని "ప్రెజెంట్ సార్" అన్నాడు. పెళ్ళికూతురు ఆ సంగతి బాగా గుర్తుపెట్టుకుంది. ఇప్పటికీ ఏదైనా పని కావాలంటే మొగుణ్ణి ఇంటిపేరుతో పిలుస్తుంది, పని ఇట్టే అయిపోతుంది.

టీచర్లు ఫోనుకి మొహం చూపించి హాజరు వేసుకోవాలని పైనుంచి ఉత్తర్వు వచ్చినప్పుడు అందరూ చిరాకుపడ్డారు. నెల్సన్ మాస్టారు మాత్రం నొచ్చుకున్నారు. "పేరు పిలవకుండా హాజరేమిటండీ?" అని ఆయన బాధ. రోజూ ఫోను ముందు నిలబడి తన పేరు తనే పిలిచి, "ప్రెజెంట్ సార్" అని తనే పలికి, అప్పుడు మొహం చూపించేవారు. మంకీ క్యాప్ తియ్యరు కనుక ఫోను ఆయన్ని వారంలో నాలుగు రోజులు గుర్తుపట్టేది కాదు.

అలాంటి మనిషి పక్కన, సమ్మె శిబిరంలో, కుర్చీ పడింది దుర్గాభవానికి. ఆమె తాడేపల్లిగూడెం దగ్గర బడిలో టీచరుగా చేరి రెండేళ్ళే అయింది. ఆ డిసెంబరులో జీతాల సవరణ కోసం, రావలసిన డీఏల కోసం టీచర్లంతా బళ్ళు మానేసి ఏలూరులో కలెక్టరేటు దగ్గర టెంటు వేసుకుని కూర్చున్నారు. రోజూ శిబిరానికి ఎవరెవరు వచ్చారో రాసే నోటు పుస్తకాన్ని యూనియన్ నాయకుడు తాతాజీగారు ఆమెకు అప్పగించారు. ఆమె పుస్తకం తెరిచేలోగా మాస్టారు అందరి పేర్లూ పిలిచేసేవారు. తల నెరిసిన హెడ్మాస్టర్లు కూడా చెయ్యెత్తి "ప్రెజెంట్ సార్" అనేవారు. దుర్గాభవాని మాత్రం పంతం పట్టి "ఉన్నానండి" అనేది.

"ఉన్నానంటే చెల్లదమ్మా."

"కళ్ళెదురుగానే ఉన్నాను కదండీ."

"కళ్ళకి తెలుస్తుంది. పుస్తకానికి తెలియొద్దూ?"

సరిగ్గా తొమ్మిదింటికి ఇంకో వేడుక. మాస్టారు మంకీ క్యాప్ చెవుల మీదికి లాక్కుని, కళ్ళు మూసుకుని, మెల్లగా పదకొండు పేర్లు పిలిచేవారు. అవి శిబిరంలో ఎవరివీ కావు. కొల్లేటికోట అవతల ఒక చిన్న లంకలో ఆయన బడి ఉంది, ఆ పిల్లలవి. ఒక్కో పేరు తర్వాత ఓ పిల్ల లేచి పలికేంతసేపు ఆగేవారు. ఆఖరి పేరు కెజియా.

టెంటు గుడ్డలోంచి పసుపుపచ్చని ఎండ దిగుతుండేది. ఆ గొంతు వింటుంటే దుర్గాభవానికి కళ్ళు బరువెక్కేవి. తనెన్నడూ వెళ్ళని కొల్లేరు కనబడేది. మంచులో నీళ్ళెక్కడ అయిపోయాయో ఆకాశమెక్కడ మొదలైందో తెలియదు. గూడబాతులు నిద్రలోనే ఈదుతున్నట్టు పోతుంటాయి. వాటి మధ్యనుంచి చప్పుడు లేకుండా ఒక పడవ వస్తుంది, అందులో పదకొండు చిన్న తలలు. కెజియా పేరు అయ్యేసరికి మెలకువ వచ్చేది. పాపం, బడి మీద బెంగతో ఈయనకి మతి చలించినట్టుందని జాలిపడేది.

శ్యామ్ సుందర్ అనే ఆటో అతను రోజూ టెంటు ముందు బండి ఆపి ఒకటే ప్రశ్న వేసేవాడు.

"మీ జీతాల మాట సరేనండి. పిల్లల సంగతి ఎవరికి పట్టిందండీ?"

తాతాజీగారు మైకు పట్టుకుని పాయింట్ల వారీగా జవాబు చెప్పేవారు. మూడో పాయింటుకి ఆటో రైల్వేస్టేషను చేరిపోయేది. నెల్సన్ మాస్టారు మాత్రం అతని పేరు కనుక్కుని పిలిచారు. అతను పలకలేదు.

తొమ్మిదో రోజు మాట్లాడే వంతు మాస్టారిది. తొమ్మిది కావస్తుండగా తాతాజీగారు మైకు ముందుకు తెచ్చి నిలబెట్టి, "జనానికి మొహం కనబడాలండీ" అంటూ మంకీ క్యాప్ లాగారు. క్యాప్‌తోపాటు ఇయర్‌ఫోన్ వైరు కూడా పుటుక్కున తెగి వచ్చింది.

"అయ్యో, వేళయిపోయిందండీ" అని మాస్టారు ఇంక దాపరికం కుదరక జేబులోంచి ఫోను తీసి స్పీకరు నొక్కారు. ఎదురుగా మైకు ఉన్నదన్న ధ్యాసే లేదు. మొదటి పేరు పిలిచారు.

"ప్రెజెంట్ సార్" అని రోడ్డు మీద కట్టిన మైకు హారన్లు పలికాయి. పసిగొంతు. రెండో పేరుకి ఇంకో గొంతు. దుర్గాభవాని కుర్చీ ముందుకు జరుపుకుంది. ఇన్నాళ్ళూ ఆ పడవ నిజంగానే వస్తోందన్నమాట. పది పేర్లకీ పది గొంతులు పలికాయి.

"కెజియా."

ఎవరూ పలకలేదు. కాసేపటికి పెద్దావిడ గొంతు వినిపించింది. బళ్ళో వంట చేసే సుబ్బాయమ్మ. రోజూ ఆ వేళకి పిల్లలంతా ఆవిడ ఇంట్లో ఫోను చుట్టూ చేరేవారట.

"కెజియా రాలేదండి మాస్టారూ. వాళ్ళమ్మ దేవకుమారి రొయ్యల షెడ్డుకి తీసుకుపోయిందండి. ఒకసారి పనిలో పెడితే ఇంక బడికి పంపదండి."

తాతాజీగారు మెల్లగా అడిగారు. "స్ట్రైకులో పని చెయ్యకూడదనుకున్నాం కదండీ?"

"పాఠం చెప్పలేదండి. పేర్లు పిలిచానంతే. బడి మూసేస్తే పిల్లలు చెరువుల మీద పనికి పోతారండి. రోజూ పేరు పిలుస్తుంటే, ఆ పిల్లని పనికి పంపడానికి తల్లికి మొహమాటంగా ఉంటుంది. మనవాళ్ళకి మొహమాటం ఎక్కువ కదండీ." మాస్టారు క్యాప్ పెట్టుకున్నారు. "నేను వెళ్తానండి. బడికి కాదు, రొయ్యల షెడ్డుకి. దానికి స్ట్రైకు లేదు కదా."

తాతాజీగారు పాయింట్ల కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. చివరికి, "అమ్మా దుర్గాభవానీ, మీరూ వెళ్ళండి. ఆయన బళ్ళో అడుగు పెట్టకుండా చూడండి" అన్నారు.

బయట శ్యామ్ సుందర్ ఆటో ఆగి ఉంది. "ఎక్కండి మాస్టారూ" అన్నాడు. ఆ పూట ప్రశ్న వెయ్యలేదు.

షెడ్డు నిండా చలి, తడి. వరసలుగా నిలబడ్డ ఆడవాళ్ళ చేతుల్లో రొయ్యలు. అమ్మ పక్కన ఎత్తు చాలక తట్ట బోర్లించుకుని నిలబడింది కెజియా. మాస్టారు కోప్పడలేదు, బతిమాలలేదు. గుమ్మంలో నిలబడి కళ్ళు మూసుకుని ఇరవయ్యేళ్ళ కిందటి హాజరు పట్టీ అందుకున్నారు. ఒక్కో పేరుకీ ఒక్కో వరసలోంచి జవాబు వచ్చింది. సగం షెడ్డు ఆయన శిష్యులే.

"దేవకుమారి."

"ప్రెజెంట్ సార్" అనేసి నాలిక కరుచుకుంది దేవకుమారి.

"ఆలస్యంగా పలికావమ్మా. ఐదో క్లాసులో జనవరిలో మానేశావు. ఏప్రిల్ దాకా రోజూ పిలిచాను."

"పేరు కొట్టెయ్యలేదాండీ?"

"చెయ్యి రాలేదమ్మా."

దేవకుమారి చేతులు కడుక్కుంది. చాలాసేపు కడుక్కుంది. "బడి లేదని, ఒక్కత్తీ ఇంట్లో ఎందుకని తెచ్చానండి" అని గొణిగింది. తర్వాత కూతుర్ని తట్ట మీంచి దింపి, తన కొంగుతో దాని చేతులు తుడిచి, సుబ్బాయమ్మ ఇంటికి పొమ్మంది. దాన్ని దిగబెట్టడానికి మాస్టారూ దుర్గాభవానీ లంకలోకి వెళ్తుంటే దారిలో బడి వచ్చింది. మాస్టారు గేటుదాకా వెళ్ళి దుర్గాభవాని వైపు చూశారు. ఆమె తనేమీ చూడనట్టు నీళ్ళ మీది గూడబాతుల వైపు తిరిగింది. ఆయన తాళం ఒకసారి లాగి చూసుకుని వచ్చేశారు.

మర్నాడు తొమ్మిదింటికి తాతాజీగారు తనే మైకు తెచ్చి మాస్టారి ముందు పెట్టారు. కెజియా ఎంత గట్టిగా పలికిందంటే మైకు హారను కీచుమంది. మాస్టారు ఫోను జేబులో వేసుకుని పక్కకి తిరిగారు.

"దుర్గాభవాని."

"ప్రెజెంట్ సార్" అంది దుర్గాభవాని, లేచి నిలబడి.

రోడ్డు మీంచి ఆటో హారను మోగింది. "నా పేరు పిలవలేదండీ మాస్టారూ" అన్నాడు శ్యామ్ సుందర్. దుర్గాభవాని నోటు పుస్తకం తెరిచి, టీచర్ల పేర్ల కింద అతని పేరు కూడా రాసింది.